పుట్టకముందే రక్తనాళాల గడ్డ: బిడ్డ గుండె మీద, రక్తం మీద పడే భారం

కడుపులో బిడ్డకు గడ్డ ఉందని స్కాన్‌లో తేలగానే ఏ తల్లిదండ్రులైనా ముందు అడిగేది "క్యాన్సరా డాక్టర్?" అనే. రక్తనాళాల నుంచి పుట్టే గడ్డల విషయంలో చాలాసార్లు "కాదు" అనే జవాబే వస్తుంది. ఆ మాటతో సగం టెన్షన్ తగ్గుతుంది. కానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం చేజారిపోతుంది. ఈ గడ్డల్లో చాలావాటికి ఇతర అవయవాలకు పాకే గుణం లేదు. అయినా కొన్ని, బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే ప్రాణం మీదికి తెస్తాయి. అవి రక్తాన్ని తమవైపు లాగేసుకుంటాయి, లేదంటే తమలోకి వచ్చిన రక్తకణాలను నాశనం చేస్తాయి. అందుకే రిపోర్టులో గడ్డ పేరు, సైజు చూసుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ గడ్డ వల్ల బిడ్డ గుండె ఎలా ఉంది, రక్తం ఎలా ఉంది?

ఇవి అరుదైన గడ్డలు. వీటిలో కొన్నింటిని గైనకాలజిస్టులు తమ సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. దాంతో సమాచారం చెదురుమదురుగా ఉంటుంది, పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు తమ బిడ్డకు సంబంధం లేని జబ్బు గురించిన పేజీలే ముందు కనిపిస్తాయి. కాబట్టి ఏది ఏ గడ్డో ముందు విడదీసుకుందాం.

ఒకే పేరు కింద పడిపోయిన వేర్వేరు గడ్డలు

రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అనే పలచటి కణాల పొర ఉంటుంది. ఆ కణాలు అదుపు తప్పి పెరిగితే అది రక్తనాళాల గడ్డ. కణాలు అలా పెరగకుండా, నాళాలే తయారీలో వంకర పోతే అది నిర్మాణ లోపం. చూడటానికి రెండూ ఎర్రగానో నీలంగానో ఉబ్బుగానో ఉంటాయి కాబట్టి చాలాకాలం అన్నింటినీ "హెమాంజియోమా" అనే ఒకే గాటన కట్టేశారు. 1982లో జాన్ మల్లికెన్, జూలీ గ్లోవాకి ఈ రెండింటినీ కణాల స్వభావాన్ని బట్టి విడదీశారు. రక్తనాళాల లోపాలను అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఆ పునాది మీదే వర్గీకరణ తయారుచేసి, పరిశోధనలు పెరిగేకొద్దీ సవరిస్తూ వస్తోంది.

వీటన్నింటిలో ఎక్కువగా కనిపించేది శిశు హెమాంజియోమా. నూటికి నలుగురైదుగురు పసిపిల్లల్లో వస్తుంది. ఇది పుట్టినప్పుడు ఉండదు, ఉన్నా చిన్న మచ్చలా ఉంటుంది. తర్వాతి వారాల్లో ఎర్రగా ఉబ్బి, మొదటి అయిదారు నెలల్లో వేగంగా పెరిగి, ఆ తర్వాత కొన్నేళ్లలో మెల్లగా తగ్గిపోతుంది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగర వైద్యులు ప్రొప్రనొలాల్ అనే గుండె మందు దీని మీద బాగా పనిచేస్తోందని ప్రకటించాక చికిత్స తీరే మారిపోయింది. తల్లిదండ్రులు వెతికినప్పుడు ముందుగా ఎదురయ్యే కథ ఇదే. కానీ కడుపులో ఉండగానే పెద్ద గడ్డ కనిపించిందంటే అది సాధారణంగా ఈ రకం కాదు. ఈ ఒక్క ముక్క ముందుగా తెలిస్తే ఎంతో గందరగోళం తప్పుతుంది.

కడుపులోనే పెరిగి, పుట్టేసరికి పూర్తి సైజుకు వచ్చేసేది జన్మజాత హెమాంజియోమా. పుట్టాక అది నడిచే తీరును బట్టి మూడు రకాలుగా చెబుతారు. మొదటిది వేగంగా కుంచించుకుపోయేది. ఏడాది, ఏడాదిన్నర లోపు చాలావరకు మాయమై, చర్మం మీద పలచటి ముడతలాంటి గుర్తు మిగులుతుంది. రెండోది అసలు తగ్గనిది, బిడ్డతోపాటే పెరుగుతుంది. మూడోది కొంత తగ్గి ఆగిపోయేది. శిశు హెమాంజియోమా కణాల మీద గ్లట్-1 అనే ప్రొటీన్ ఉంటుంది, జన్మజాత హెమాంజియోమాలో ఉండదు. పాథాలజిస్టు ముక్క చూసి రెంటినీ విడదీసేది ముఖ్యంగా దాని ఆధారంగానే. ఈ గడ్డల కణాల్లో జీఎన్‌ఏక్యూ, జీఎన్‌ఏ11 జన్యువుల్లో మార్పులు దొరికాయి. ప్రొప్రనొలాల్ వీటి మీద పనిచేయదు. పేరు పొరబడితే మందు కూడా పొరబడుతుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకా అరుదైనవి, ఇంకా మొండివి రెండున్నాయి. కపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా ఒకటి, దానికి దగ్గరి బంధువులాంటి టఫ్టెడ్ ఆంజియోమా మరొకటి. మొదటిదాని పేరు చూసి హెచ్‌ఐవీ రోగుల్లో వచ్చే కపోసి సార్కోమా అనుకుని హడలిపోయేవాళ్లున్నారు. రెంటికీ సంబంధం లేదు. మైక్రోస్కోపు కింద కణాల అమరిక కొంచెం అలా కనిపిస్తుందని 1993లో ఆ పేరు పెట్టారు, అంతే. ఈ గడ్డ దూరాలకు పాకదు. కానీ ఉన్నచోట కండరాల్లోకి, ఎముక దగ్గరికి, కడుపు వెనకభాగంలోకి చొచ్చుకుపోతుంది. చర్మం మీద ఏ గుర్తూ లేకుండా లోపలే పెరిగేవీ ఉన్నాయి. లక్ష మంది పిల్లల్లో సుమారు ఒకరికి ఉండే జబ్బు ఇది.

చివరగా, బిడ్డ ఒంట్లో కాకుండా మాయలో వచ్చే గడ్డ, కోరియోఆంజియోమా. మాయలో వచ్చే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కాన్పు తర్వాత మాయను ముక్కలుగా కోసి మైక్రోస్కోపుతో జాగ్రత్తగా వెతికితే నూటికి ఒక దాంట్లో చిన్నదైనా దొరుకుతుంది. వాటిలో చాలావాటి వల్ల తల్లికీ బిడ్డకూ ఏమీ కాదు, ఉన్న సంగతి కూడా తెలియదు. చిక్కంతా నాలుగైదు సెంటీమీటర్లు దాటిన వాటితోనే. అవి కొన్ని వేల కాన్పుల్లో ఒకటి. గడ్డ మాయలో ఉన్నా దాంట్లో తిరిగేది బిడ్డ రక్తమే. కాబట్టి భారం పడేది బిడ్డ గుండె మీదే.

గుండె ఎందుకు అలసిపోతుంది

ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే మిగతా సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

ఏడో నెలలో కిలో బరువున్న బిడ్డను తీసుకోండి. బిడ్డ ఒంట్లోనూ మాయలోనూ కలిపి ఉండే రక్తం సుమారు 110 మిల్లీలీటర్లు. అరగ్లాసు కూడా కాదు. గుండె రెండు వైపులా కలిపి నిమిషానికి దాదాపు 450 మిల్లీలీటర్లు పంపు చేస్తుంది. అంటే ఉన్న రక్తమంతా నిమిషంలో నాలుగుసార్లు చుట్టి వస్తోందన్నమాట. అందులో పెద్ద భాగం మాయకు వెళ్లి ఆక్సిజన్ తెచ్చుకోవాలి, మిగతాది ఒంటికి సరిపోవాలి. ఇప్పుడు కాలేయంలోనో తొడ మీదో మాయలోనో ఒక గడ్డ పెరిగి, నిమిషానికి 100 మిల్లీలీటర్లు తనలోకి లాగేసుకుంటోందనుకుందాం. గండిపడిన కాలువలో చివరి పొలానికి మునుపటిలా నీరు అందాలంటే పైనుంచి మరింత వదలాల్సిందే. గుండె పని కూడా అలాగే పెరుగుతుంది. మామూలుగా చేయాల్సిన 450కి తోడు ఇంకో 100 పంపు చేయాలి, అదీ రాత్రీ పగలూ, వారాల తరబడి.

పెద్దవాళ్ల గుండె ఇలాంటి అదనపు పనిని కొంతకాలం తట్టుకుంటుంది. గర్భంలోని బిడ్డ గుండెకు ఆ వెసులుబాటు తక్కువ. దాని కండరం ఇంకా బిగువుగా ఉంటుంది, ఎక్కువ రక్తం నింపుకుని ఎక్కువ నెట్టే శక్తి పరిమితం. అందుకే ముందు వేగం పెంచుతుంది, తర్వాత ఉబ్బుతుంది. గుండె గదుల మధ్య కవాటాలు సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం మొదలవుతుంది. సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రక్తనాళాల్లోని నీరు బయటకు ఊరి చర్మం కింద, పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ చేరుతుంది. వీటిలో కనీసం రెండుచోట్ల నీరు చేరితే దాన్ని హైడ్రాప్స్ అంటారు. బిడ్డ ప్రమాదంలో ఉందని చెప్పే గుర్తుల్లో ఇది పెద్దది. అయితే ఇది చివరి దశకు దగ్గర్లో కనిపించే గుర్తు. హైడ్రాప్స్ వచ్చేదాకా ఆగి అప్పుడు కంగారుపడటం కాకుండా, దానికి ముందున్న మెట్లు గమనించడమే మంచి ఫాలోఅప్ అని నా నమ్మకం.

ఆ మెట్లు స్కాన్‌లో కనిపిస్తాయి. మామూలుగా గుండె ఛాతీ వైశాల్యంలో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తుంది. అది వారం వారం పెరుగుతోందంటే గుండె ఉబ్బుతోందని అర్థం. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో బొడ్డుతాడు సిరను చూస్తారు. అందులో రక్తం గీత గీసినట్టు నిలకడగా పారాలి. అది గుండెతోపాటు ఎగిరిపడుతుంటే వెనక ఒత్తిడి పెరిగిందన్నమాట. బొడ్డుతాడు నుంచి వచ్చే రక్తంలో కొంతభాగాన్ని కాలేయాన్ని దాటించి గుండెకు చేర్చే డక్టస్ వీనోసస్ అనే చిన్న నాళం ఉంటుంది. దాంట్లో రక్తం ప్రతి స్పందనకు ఒక క్షణం వెనక్కి మళ్లుతుంటే పరిస్థితి ఇంకా ముదిరినట్టు. గడ్డ సైజు అంతే ఉన్నా ఈ మార్పులు రావచ్చు. గడ్డ పెరిగినా ఇవి రాకపోవచ్చు. అందుకే "గడ్డ ఎన్ని సెంటీమీటర్లు?" అన్న లెక్క ఒక్కటే పట్టుకుని వేలాడటం మంచిది కాదు.

అదనంగా పరిగెత్తే రక్తం వల్ల బిడ్డ మూత్రపిండాలకూ ఎక్కువ రక్తం అందుతుంది, మూత్రం ఎక్కువవుతుంది. గర్భం రెండో సగంలో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. అలా ఉమ్మనీరు విపరీతంగా పెరిగి, గర్భసంచి సాగిపోయి, నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. మాయ గడ్డల్లో తల్లి ముందుగా గమనించే లక్షణం తరచూ ఇదే. పొట్ట నెలలకు మించి పెద్దదిగా, బిగువుగా అనిపించడం, ఊపిరాడనట్టు ఉండటం.

రక్తాన్ని తినేసే గడ్డ

1940లో న్యూయార్క్‌లో హేగ్ కసబాక్ అనే రేడియాలజిస్టు, క్యాథరిన్ మెరిట్ అనే పిల్లల వైద్యురాలు ఒక మగ శిశువు గురించి రాశారు. తొడ మీద మచ్చగా మొదలైన గడ్డ వేగంగా పాకింది. ఒంటి నిండా రక్తపు చారలు, రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. అప్పటినుంచి గడ్డ వల్ల ప్లేట్‌లెట్లు కరిగిపోయే ఈ స్థితిని వాళ్లిద్దరి పేరుతోనే కసబాక్-మెరిట్ అంటున్నారు.

గడ్డలోని నాళాలు మామూలు నాళాల్లా నునుపుగా, తిన్నగా ఉండవు. ఇరుకుగా, మెలికలుగా ఉంటాయి. లోపలి పొర కూడా ప్లేట్‌లెట్లను పట్టేసే స్వభావంతో ఉంటుంది. అందులోకి వెళ్లిన ప్లేట్‌లెట్లు అంటుకుపోయి గడ్డకడతాయి. గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. ఎర్రకణాలు ఆ ఇరుకు దారుల్లో చితికిపోయి రక్తహీనత వస్తుంది. లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పదివేల లోపుకు కూడా పడిపోవచ్చు. అప్పుడు మెదడులోగానీ ఛాతీలోగానీ రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది.

దీన్ని దశాబ్దాల పాటు "హెమాంజియోమా పెద్దదైతే వచ్చే సమస్య" అని పాఠ్యపుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. 1997లో వచ్చిన పరిశీలనలతో ఆ అభిప్రాయం మారింది. నిజమైన కసబాక్-మెరిట్ మామూలు శిశు హెమాంజియోమాలో రాదని, కపోసిఫార్మ్ గడ్డలోనూ టఫ్టెడ్ ఆంజియోమాలోనే వస్తుందని తేలింది. అయితే ఇక్కడో మెలిక ఉంది. వేగంగా కుంచించుకుపోయే జన్మజాత హెమాంజియోమా పెద్దదిగా ఉన్నప్పుడు పుట్టిన కొత్తల్లో ప్లేట్‌లెట్లు ఓ మోస్తరుగా తగ్గవచ్చు. అది సాధారణంగా కొద్దిరోజుల్లో, ఒకటి రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. పుట్టిన రెండో రోజు ప్లేట్‌లెట్ల లెక్క తక్కువ వచ్చిందని వెంటనే కసబాక్-మెరిట్ అని ముద్ర వేసి, బలమైన మందులు మొదలుపెట్టేస్తే బిడ్డకు అనవసరమైన బాధ. లెక్క ఎంత పడింది, ఇంకా పడుతోందా, ఫైబ్రినోజెన్ ఎంత, గడ్డ గట్టిపడి రంగు ముదురుతోందా, ఇవన్నీ కలిపి చూడాలి.

బిడ్డ కడుపులో ఉండగానే ఈ నష్టం మొదలవచ్చు. అక్కడ ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడం తేలిక కాదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తల్లి పొట్టలోంచి సన్నని సూదిని బొడ్డుతాడు సిరలోకి దింపి రక్తం తీయాలి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గిన బిడ్డకు ఆ సూది గుచ్చినచోటే రక్తం ఆగకపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ పరీక్ష చేయాలా వద్దా అన్నదే పెద్ద నిర్ణయం. రక్తహీనతను మాత్రం సూది లేకుండా అంచనా వేయొచ్చు. రక్తం పలచబడితే అది మెదడులోని మధ్య ధమనిలో వేగంగా పారుతుంది. ఆ వారానికి ఉండాల్సిన మధ్యస్థ వేగానికి ఒకటిన్నర రెట్లు దాటితే రక్తహీనత ఉందని అనుమానిస్తారు. 2000లో ఇది నిరూపణ అయ్యాక చాలామంది బిడ్డలకు సూదిపోటు తప్పింది. కాకపోతే రక్తనాళాల గడ్డ ఉన్న బిడ్డలో గుండె ఎలాగూ ఎక్కువ వేగంతో పంపు చేస్తుంది కాబట్టి ఆ కారణంగా కూడా అంకె పెరగవచ్చు. ఈ సంగతి తెలిసిన డాక్టర్ ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పరు.

గుండె భారం, రక్తహీనత రెండూ కలిస్తే ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. రక్తం పలచనైతే అదే ఆక్సిజన్ అందించడానికి గుండె మరింత కొట్టుకోవాలి. పెద్ద మాయ గడ్డల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఎర్రకణాలు గడ్డలో చితకడం, కొన్నిసార్లు బిడ్డ రక్తం తల్లి రక్తంలోకి కారిపోవడం, పైనుంచి అదనపు ప్రవాహం. దీనికి తోడు గడ్డలోకి వెళ్లిన రక్తానికి ఆక్సిజన్ సరిగా అందదు కాబట్టి బిడ్డ ఎదుగుదల కూడా దెబ్బతినవచ్చు.

తల్లి ఒంట్లో కనిపించే ఛాయ

బిడ్డకు హైడ్రాప్స్ వచ్చినప్పుడు కొందరు తల్లులకు కూడా ఒళ్లంతా నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. బిడ్డ పరిస్థితికి తల్లి ఒళ్లు అద్దం పట్టినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని మిర్రర్ సిండ్రోమ్ అంటారు. జాన్ బాలంటైన్ 1892లోనే దీన్ని వర్ణించారు. చూడటానికి గర్భిణుల్లో బీపీ పెరిగి వచ్చే ప్రీఎక్లాంప్సియాలా ఉన్నా ఒక తేడా పట్టిస్తుంది. ప్రీఎక్లాంప్సియాలో తల్లి రక్తం చిక్కబడుతుంది, ఇందులో పలచబడుతుంది. తల్లి ఊపిరితిత్తుల్లో నీరు చేరే దాకా వెళ్లొచ్చు. ఇంట్లోవాళ్లు "కాళ్లవాపులు గర్భిణులకు మామూలే" అని కొట్టిపారేయకూడని సందర్భం ఇది. బిడ్డకు గడ్డ ఉందని తెలిసిన తల్లి బరువు రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పెరిగినా, ముఖం ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఏ గడ్డో పుట్టకముందే చెప్పగలరా

చాలావరకు చెప్పగలరు, ప్రతిసారీ కాదు. అయిదో నెలలో చేసే టిఫా స్కాన్ పూర్తిగా మామూలుగా ఉండి, ఏడెనిమిది నెలల్లో గడ్డ బయటపడటం ఈ జబ్బుల్లో తరచూ జరుగుతుంది. "అప్పుడెందుకు చూడలేదు?" అని స్కాన్ చేసిన వాళ్లమీద కోపం రావడం సహజమే. కానీ ఆ రోజుకు అది లేకపోయి ఉండవచ్చు. కలర్ డాప్లర్ పెడితే గడ్డలో ఎర్రటి, నీలి రంగుల్లో ప్రవాహం కనిపిస్తుంది. లోపలికి లావాటి ధమని ఒకటి వెళ్తూ, వెడల్పాటి సిరలు బయటకు వస్తూ ఉంటాయి. ప్రవాహమే లేని నీటితిత్తుల గుంపు అయితే అది లింఫ్ నాళాల లోపం కావచ్చు. తోక ఎముక దగ్గరుంటే టెరటోమా అనే వేరే రకం గడ్డ సంగతి ఆలోచించాలి. మాయలో ఉన్నది ప్రవాహం లేని ముద్ద అయితే అది గడ్డకట్టిన రక్తం కావచ్చు. ఎమ్మారై వల్ల గడ్డ ఎంత లోతుకు వెళ్లిందో, మెదడులో రక్తస్రావం ఉందో లేదో తెలుస్తుంది.

మోసం చేసే గడ్డ ఒకటుంది, శిశువుల్లో వచ్చే ఫైబ్రోసార్కోమా. ఎర్రగా, వేడిగా, రక్తప్రవాహంతో జన్మజాత హెమాంజియోమాలాగే కనిపిస్తుంది. కానీ అది క్యాన్సరే, దానికి చికిత్స పూర్తిగా వేరు. పుట్టాక కుంచించుకుపోవాల్సిన గడ్డ పెరుగుతూనే ఉంటే, లేదా స్కాన్‌లో ఏదో తేడాగా అనిపిస్తే ముక్క తీసి చూడటానికి వెనకాడకూడదు.

కడుపులో ఉండగా చేయగలిగేది

గుండె బాగానే ఉండి, ప్రవాహం నిలకడగా ఉంటే చేయాల్సింది జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండటమే. వారానికి ఒకటో రెండో స్కాన్లు, బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో, తల్లికి బీపీ. ఏమీ చేయకుండా కూర్చున్నట్టు అనిపించినా ఇదీ చికిత్సే. చాలా గర్భాలు ఇలాగే కాన్పు దాకా వెళ్తాయి.

పరిస్థితి దిగజారుతుంటే అప్పుడు గర్భం వయసు చూస్తారు. బయట బతకగలిగినంత ఎదిగిన బిడ్డ అయితే, ఊపిరితిత్తులు పక్వం కావడానికి తల్లికి బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి కాన్పు చేయడమే మేలు కావచ్చు. ఇంకా చాలా ముందున్నప్పుడు కడుపులోనే ప్రయత్నించాలి. రక్తహీనత ఉంటే బొడ్డుతాడు ద్వారా రక్తం ఎక్కిస్తారు. ఉమ్మనీరు మితిమీరితే కొంత తీసేస్తారు. దాంతో తల్లికి ఊపిరి సలుపుతుంది, నొప్పులు వాయిదా పడతాయి. మాయ గడ్డ అయితే దానికి రక్తం తెచ్చే నాళాన్ని మూసేయవచ్చు. సన్నని కెమెరా లోపలికి పంపి లేజర్‌తో కాల్చడం, చిన్న తీగచుట్ట పెట్టి అడ్డుకట్ట వేయడం, ఆల్కహాల్ ఎక్కించడం వంటి పద్ధతులు వాడారు. వీటివల్ల బతికిన బిడ్డలున్నారు. అదే ప్రయత్నంలో ఒక్కసారిగా ప్రవాహం మారిపోయో, రక్తస్రావం అయ్యో దక్కని బిడ్డలూ ఉన్నారు. లావాటి నాళాలున్న గడ్డల్లో, బొడ్డుతాడు అతుక్కునే చోటికి దగ్గరగా ఉన్నవాటిలో ప్రమాదం ఎక్కువ. ఈ పని ఫీటల్ మెడిసిన్‌లో చేయి తిరిగిన సెంటర్‌లోనే చేయించుకోవాలి. దూరమైనా సరే.

బిడ్డ ఒంట్లో ఉన్న గడ్డకు ఇలా నాళం మూసే వీలు దాదాపు ఉండదు. తల్లికి ఇచ్చిన మందు మాయ దాటి బిడ్డకు చేరేలా చూస్తారు. ఇక్కడ ఏ మందు అన్నది ముఖ్యం. స్టెరాయిడ్లలో ప్రెడ్నిసోలోన్‌ను తీసుకుంటే, అందులో చాలాభాగాన్ని మాయ దారిలోనే నిర్వీర్యం చేసేస్తుంది. బీటామెథసోన్, డెక్సామెథసోన్ దాటుకుని వెళ్తాయి. అలసిపోతున్న గుండెకు ఊతంగా డిజాక్సిన్ కూడా తల్లి ద్వారానే ఇస్తారు. సిరోలిమస్ అనే మందు పుట్టాక కపోసిఫార్మ్ గడ్డలో బాగా పనిచేస్తోంది. బిడ్డ గుండెలో వచ్చే రాబ్డోమయోమా అనే వేరే రకం గడ్డ కోసం గర్భంలో ఉండగానే తల్లి ద్వారా ఇచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. కానీ దాన్ని మామూలు చికిత్సగా చెప్పే స్థితి ఇంకా రాలేదు.

కాన్పు, ఆ తర్వాతి మొదటి గంటలు

పెద్ద గడ్డ పైకి ఉంటే సహజ కాన్పులో అది నలిగి రక్తం కారవచ్చు, లేదా దారికి అడ్డుపడవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయన్న అనుమానం ఉంటే మెదడులో రక్తస్రావం భయం కూడా తోడవుతుంది. అందుకే తరచూ ముందే తేదీ పెట్టుకుని సిజేరియన్ చేస్తారు. మెడ మీద గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతుంటే, బిడ్డ తల బయటకు వచ్చాక బొడ్డుతాడు కోయకుండానే, మాయ నుంచి ఆక్సిజన్ అందుతుండగానే గొంతులో గొట్టం వేస్తారు. దాన్ని ఎగ్జిట్ పద్ధతి అంటారు.

ఆ రోజు ఆస్పత్రిలో ఎవరెవరు ఉండాలో ముందే మాట్లాడుకోవాలి. నవజాత శిశు నిపుణులు, పిల్లల గుండె డాక్టర్, పిల్లల రక్తవ్యాధుల డాక్టర్, పిల్లల సర్జన్, తయారుగా ఉంచిన రక్తం. పుట్టిన వెంటనే బిడ్డకు హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్, గడ్డకట్టిన రక్తం కరుగుతున్నప్పుడు పెరిగే డి-డైమర్ చూడాలి. ఎకో చేయాలి.

ఇక్కడ చాలామందికి విచిత్రంగా అనిపించే ఒక జాగ్రత్త ఉంది. కసబాక్-మెరిట్‌లో ప్లేట్‌లెట్లు తగ్గాయి కదా అని వరసగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం మేలు చేయదు. ఎక్కించినవి నేరుగా గడ్డలోకి వెళ్లి ఇరుక్కుంటాయి. గడ్డ ఇంకా ఉబ్బుతుంది, నొప్పి పెరుగుతుంది, లెక్క మాత్రం కొన్ని గంటల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. రక్తం కారుతున్నప్పుడు, ఆపరేషన్‌కు ముందు తప్ప ఊరికే అంకె కోసం ఎక్కించకూడదని నిపుణులు చెబుతారు. అసలు మందు గడ్డ మీద పనిచేయాలి. సిరోలిమస్, స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్ వంటివి. వాటికి ఫలితం రావడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో రోజూ ల్యాబ్ రిపోర్టు చూసి గుండెలు బాదుకునే తల్లిదండ్రులకు, ఆ అంకె వెనక ఏం జరుగుతోందో ఓపిగ్గా కూర్చుని చెప్పే డాక్టర్ దొరకడం మందుతో సమానమని నేననుకుంటాను.

కాలేయంలో ఒకే పెద్ద గడ్డ అయితే అది చాలాసార్లు తనంతట తాను కుంచించుకుపోయే రకమే. గుండెను కాపాడుకుంటూ నెట్టుకొస్తే చాలు. కాలేయమంతా చిన్నచిన్న గడ్డలు పరుచుకుంటే అది వేరు. అవి శిశు హెమాంజియోమాలు, ప్రొప్రనొలాల్‌కు లొంగుతాయి. అయితే థైరాయిడ్ హార్మోన్‌ను నాశనం చేసే ఎంజైమ్‌ను అవి తయారుచేస్తాయి. బిడ్డకు తీవ్రమైన థైరాయిడ్ లోపం వస్తే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టినప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్ష బాగానే ఉన్నా, గడ్డలు పెరిగే నెలల్లో మళ్లీ మళ్లీ చేయిస్తూ ఉండాలి.

ఇంత జరిగాక తల్లి మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది, పైకి అడిగినా అడగకపోయినా. నేను తిన్నదాని వల్లా, చేసిన పని వల్లా ఇలా అయిందా అని. కాదు. జన్మజాత హెమాంజియోమాల్లో కనిపించిన జన్యు మార్పు, గడ్డ కణాల్లో మాత్రమే, బిడ్డ ఎదుగుతున్నప్పుడు ఎక్కడో జరిగింది. తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. అందుకే తర్వాతి గర్భంలో మళ్లీ వస్తుందని భయపడాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. మాయ గడ్డలు కూడా చాలావరకు ఒక్కసారి వచ్చి పోయేవే. ఈ మాట ఊహ మీద కాకుండా ఆధారంతో చెప్పాలంటే గడ్డ ఏ రకమో ఖాయంగా తెలిసి ఉండాలి. కాన్పు రోజు హడావుడిలో మాయను పారేయకుండా పాథాలజీకి పంపమని ముందే చెప్పి, కేస్ షీట్‌లో రాయించుకోండి. ఆ రిపోర్టు కాపీ ఒకటి తల్లి ఫైల్లో, ఇంకొకటి బిడ్డ ఫైల్లో ఉంచండి.